కాన్పు ఒకచోట, ఆపరేషన్ మరోచోట

దుగ్గిరాల చుట్టుపక్కల పాతతరం వాళ్లకు గుంటూరు మిషన్ ఆసుపత్రులంటే ఇప్పటికీ గురి. ఆ గురి ఊరికే కుదరలేదు. ఆడవాళ్లను మగ డాక్టరుకు చూపించడానికి ఇంటివాళ్లు ఒప్పుకోని రోజుల్లో, 1883లో, అమెరికన్ లూథరన్ మిషన్ నుంచి వైద్యురాలు అన్నా కుగ్లర్ గుంటూరు వచ్చారు. 1920లో ఆస్ట్రేలియా డాక్టరు మేరీ గ్లౌరీ వచ్చి కన్యాస్త్రీ అయ్యారు. కన్యాస్త్రీలు వైద్యం చేయడానికి అప్పటి కేథలిక్ నియమాలు ఒప్పుకునేవి కావు. ఆమె కోసం పోప్ ప్రత్యేక అనుమతి ఇవ్వాల్సి వచ్చింది. సెయింట్ జోసెఫ్ ఆసుపత్రి ఆమె చేతుల్లోనే ఎదిగింది. అవసరం ముంచుకొస్తే రోమ్ కూడా సడలింది.

ఊరివాళ్లకు ఇవన్నీ మిషన్ ఆసుపత్రులే. సిద్ధాంతం దగ్గరికొస్తే మాత్రం ఒకటి కావు. గర్భనిరోధంపై లూథరన్లకు మతపరమైన నిషేధం లేదు, కేథలిక్ చర్చికి ఉంది. 1968లో ఆరవ పాల్ పోప్ 'హ్యుమానే వీటే' లేఖలో గర్భస్రావాన్ని, కృత్రిమ గర్భనిరోధాన్ని, కుటుంబ నియంత్రణ (కు.ని.) ఆపరేషన్‌ను ఒకే గాటన కట్టారు. కేథలిక్ ఆసుపత్రులు ఆ గీత దాటకూడదు.

అమెరికాలో ఈ గొడవంతా అబార్షన్ చుట్టూ తిరుగుతుంది. మన దగ్గర అసలు ఇబ్బంది ట్యూబెక్టమీతో. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో ప్రసవ వయసు వివాహితల్లో పదికి దాదాపు ఏడుగురు ఆ ఆపరేషన్ చేయించుకున్నవారే. నూటికి నలభైకి పైగా కాన్పులు సిజేరియన్లే. రెండో బిడ్డ సిజేరియన్‌లో పుడితే అదే కోతలో కు.ని. కూడా ముగించడం ఇక్కడ మామూలు. కేథలిక్ నియమం పాటించే చోట అది కుదరదు. బాలింత కోలుకున్నాక ఇంకోచోట మళ్లీ మత్తు, మళ్లీ కోత, మళ్లీ ఖర్చు. పసుపు కొమ్ములు ఏరే కూలికి వెళ్లే ఇల్లాలికి ఆ పనిరోజులు ఎవరిస్తారు? భర్త వేసెక్టమీ చేయించుకోవచ్చు కదా అంటారేమో. అలాంటి భర్తల్ని ఆ సర్వేలో భూతద్దం పెట్టి వెతకాలి.

ఇక అబార్షన్ అవసరమైన చోట చట్టం పెద్దగా ఆదుకోదు. 1971 గర్భవిచ్ఛిత్తి చట్టాన్ని 2021లో సవరించి కొన్ని సందర్భాల్లో గడువు 24 వారాలకు పెంచారు. 2022లో సుప్రీంకోర్టు అవివాహితలకూ ఆ హక్కు ఉందంది. తల్లి ప్రాణం కాపాడాల్సి వస్తే వారాల లెక్కా, రెండో డాక్టరు అభిప్రాయమూ అక్కర్లేదని ఐదో సెక్షన్ చెబుతుంది. కానీ చేసిన డాక్టరును కాపాడటమే ఈ చట్టం పని. చేయనన్న ఆసుపత్రిని ఏంచేయాలో చెప్పదు. బ్రిటన్ 1967 చట్టం, మనస్సాక్షి పేరుతో తప్పుకునే వీలిస్తూనే, తల్లి ప్రాణాపాయంలో ఉంటే ఆ మినహాయింపు చెల్లదంది. ఆ తేడా విలువ 2012లో ఐర్లండ్‌లో బెళగావి ఆడపడుచు సవితా హలప్పనవర్ చనిపోయినప్పుడు ప్రపంచానికి తెలిసింది. గర్భం నిలవదని తేలినా, పిండం గుండె కొట్టుకుంటోందని డాక్టర్లు గర్భస్రావం చేయకుండా ఆగారు.

సిస్టర్ డాక్టర్ల చేత బలవంతంగా కు.ని. చేయించాలని నేననను. ప్రాణాపాయం లేనప్పుడు వాళ్ల విశ్వాసం వాళ్లది. కానీ చేయబోమన్న సంగతి నొప్పులతో చేరాక కాదు, తొలి పరీక్ష రోజే చెప్పాలి. ప్రైవేటు ఆసుపత్రుల నమోదుకు 2002 చట్టం ఉంది. ఏ సేవలు చేయరో బోర్డుపై తెలుగులో రాయడాన్ని ఆ నమోదుకు షరతు చేస్తే చాలు. ఆశా కార్యకర్త చేతిలో ఆ జాబితా ఉంటే, దుగ్గిరాల గర్భిణి ఏడో నెలలోనే తెనాలి ప్రభుత్వాసుపత్రిలో పేరు రాయించుకుంటుంది.