చేపల కన్న ముందు నీరు

మన ప్రయోగశాలలో గాజుతొట్టి నెలకొల్పిన దినమున ఉర్దూ, తెలుగు మాధ్యమముల విద్యార్థులమందరము దాని చుట్టు మూగితిమి. అద్దము తళతళలాడుచుండెను, నీరు స్ఫటికమువలె నుండెను. పది బంగారు చేపలను ఆ పూటనే అందు విడిచిరి. పదునైదు దినములు గడువక మునుపే ఏడు చనిపోయినవి. చేపలు మంచివి కావని కొందరు, మద్నూరు బోరునీరు మంచిది కాదని మరికొందరు అనిరి. మేము ఈ రెండు మాటలను అంగీకరింపజాలము. తొందరపడినది మనమే.

సంతలో కొర్రమీనును కొద్దిపాటి నీటిలో ప్రాణముతో అమ్ముట చూచిన కన్నులకు, చేపకు నీరున్న చాలునని తోచుట సహజము. కాని కొర్రమీను తల పైకెత్తి గాలినే పీల్చగలదు. 2016లో తెలంగాణ రాష్ట్రపు చేపగా గౌరవము పొందిన ఆ మొండిప్రాణితో బంగారు చేపకు పోలిక లేదు. ఇది నీటిలోని ప్రాణవాయువుపై ఆధారపడి, మొప్పల గుండ అమ్మోనియాను ఆ నీటిలోనికే విడుచును. మిగిలిన మేత కుళ్ళినను అమ్మోనియాయే పుట్టును. చెరువులలో సూక్ష్మజీవులు దానిని మొదట నైట్రైటుగా, పిమ్మట అంతగా హాని చేయని నైట్రేటుగా మార్చును. నైట్రైటు కూడ విషమే. అది చేప రక్తమునకు ప్రాణవాయువును మోయు శక్తి లేకుండ చేయును. 1890 ప్రాంతమున వినోగ్రాడ్‌స్కీ అను రష్యా శాస్త్రజ్ఞుడు ఈ సూక్ష్మజీవులను వేరుపరచి చూపెను. వడపోత స్పంజిపైనను, గులకరాళ్ళపైనను అవి స్థిరపడుటకు సాధారణముగా నాలుగు నుండి ఆరు వారములు పట్టును. మన చేపలకు ఆ గడువే దొరకలేదు.

మరల పది చేపలు కొనుటకు సొమ్ము మంజూరు కానున్నదని వినుచున్నాము. కమిటీ పెద్దలు ఆ ఆలోచనను కొంతకాలము ఆపవలెనని మా మనవి. ఇప్పుడున్న మూడింటికి మేత తగ్గించి, రోజు విడిచి రోజు నాలుగవ వంతు నీరు మార్చినచో చాలును. కుళాయి నీరైనచో అందలి క్లోరిను పోవుటకు ఒక దినము తెరచియుంచవలెను. నీటి పరీక్షకు రసాయనశాస్త్రమువారి నెస్లర్ కారకము ఉండనే ఉన్నది. లవణ విశ్లేషణలో మార్కులకు మాత్రమే గుర్తువచ్చు ఆ సీసా ఇచట ప్రాణములను కాపాడగలదు! నీరు పసుపుపచ్చగా మారినచో అమ్మోనియా ఉన్నట్లే. అందు పాదరసమున్నది గావున పరీక్షించిన నీటిని మరల తొట్టిలో పోయరాదు. వారముల తరబడి పసుపు కనబడకున్నచో, అప్పుడు ఒకటి రెండు చేపలను చేర్చవచ్చును. వేసవిలో మాత్రము వద్దు. వెచ్చని నీటిలో ప్రాణవాయువు తగ్గును, అమ్మోనియా విషము హెచ్చును.

మిగిలిన మూడింటిని మంజీరాలో విడువుదమని ఒక మిత్రుడు దయతోనే అనెను. అలంకారమునకై తెచ్చి వదలిన సక్కర్ చేపలు నేడు తెలుగునాట చెరువులలో, నదులలో పెరిగి జాలరుల వలలను చింపుచున్నవి. ఆ దయ మనకు వద్దు. నీరు మార్చు పనికి రెండు మాధ్యమముల నుండి ఇద్దరిద్దరి చొప్పున మేము పేర్లు ఇచ్చియున్నాము. ఆ మూడు చేపలును ఇప్పటికి మేత తినుచున్నవి.