వంటింటి ఫిడేలు

“ఇంట్లో వాయించుకునేదీ ఓ సంగీతమేనా?” అని మూతి విరిచే పెద్దమనుషులంటే నాకు ఒళ్ళుమంట. వాళ్ళకి ఐర్లండు సంగతి చెప్పాలి.

అక్కడి పల్లెల్లో రీలు, జిగ్గు అనే నాట్యపు వరసలు బతికింది సభల్లో కాదండీ, వంటింట్లో! పొయ్యి పక్కన ఒకరు ఫిడేలు అందుకుంటే ఇరుగూ పొరుగూ లేచి ఆడేవారు. చెవినపడ్డది చేతికి రావడమే చదువు. క్లేర్ ప్రాంతంలో కాన్సర్టీనా పెట్టెకి ఆడవాళ్ళ వాద్యమనే పేరు. ఎలిజబెత్ క్రాటీ (1885–1960) దానితోనే ప్రసిద్ధికెక్కింది.

దొరతనానికీ, మతగురువులకీ ఇది గిట్టలేదు. బహిరంగ నాట్యానికి లైసెన్సు ఉండాలని 1935లో చట్టం వచ్చింది. ఆ చట్టం పేరు చెప్పి ఇళ్ళలో ఆటల మీదా పడ్డారు. చాలాచోట్ల వంటిళ్ళు మూగబోయాయి.

అంతకుముందే, 1903లో, షికాగో పోలీసు అధికారి ఫ్రాన్సిస్ ఓనీల్ 1,850 వరసలు అచ్చువేయించాడు. మహోపకారమే! కానీ పుస్తకం అల్మారాలో ఉంటుంది. కాళ్ళని కదిలించాలంటే మనిషి వాయించాలి.

ఇంట్లో వాయిస్తే శ్రుతి తప్పుతుందంటారా? తప్పుతుంది, దిద్దుకుంటాం. అసలు వాయించకపోతే దిద్దుకునేదేముంది? ‘లిమరిక్’ అనే ఐరిష్ వరసకి ముత్తుస్వామి దీక్షితులవారు ‘వందే మీనాక్షి’ కట్టారు. అంతటివారికి లేని చిన్నతనం మనకెందుకమ్మా?

పెళ్ళయ్యాక అటకెక్కించిన ఆ వయొలిన్ దించండి. పప్పు ఉడికేలోగా ఒక్క వరస వాయించండి. లైసెన్సు ఎవరూ అడగరు!