లెక్కకు అందని చదువు

2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవులలో ఏడేండ్లు నిండినవారిలో నూటికి 86 మందికి పైగా అక్షరాస్యులు. జనాభాలో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. అయితే ఏ భాషలోనైనా చదవను, వ్రాయను వచ్చినవారు లెక్కలలో అక్షరాస్యులే. హిందీ చదివి, తెలుగు అక్షరం గుర్తించలేని తెలుగుబిడ్డ లోటు ఆ లెక్కలకు అందదు.

చెన్నై నుండి ఆ దీవులకు వేసిన సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రాంతర కేబులు 2020 ఆగస్టు 10న ప్రారంభమైనది. తెలుగు పాటలు, బొమ్మల కథలు ఇండ్లకు చేరువైనవి. కాని వినికిడి భాషను నిలుపుతుందే గాని లిపిని నేర్పదు. తల్లిదండ్రులారా! అదే ఫోనులో ఒక తెలుగు కథ తెరచి, అక్షరాల క్రింద వ్రేలు జరుపుతూ, రోజూ పది నిమిషాలు బిడ్డచేత చదివించండి.