కుక్క ముక్కు ఎవరికి పెడతారు?

మొన్న తొమ్మిదో తరగతి పిల్లాడొకడు అడిగాడు: "సార్, జన్యువులు మారిస్తే మనకూ కుక్కలాగా వాసన తెలుస్తుందా?"

అంత తేలిక కాదు. వాసన పట్టే జన్యువులు మనిషిలో సుమారు 400 పనిచేస్తాయి, కుక్కలో 800 దాకా. అవి చేర్చినా చాలదు. ముక్కు లోపలి పొర పెరగాలి, మెదడు వాడుకోవాలి. అయినా కొట్టిపారేయలేం. 2007లో మనిషి కంటి జన్యువు పెట్టిన ఎలుకలు తమ జాతికి తెలియని రంగు తేడాలు గుర్తుపట్టాయి.

నా గొడవ వేరే. ముందు ఎవరి ఒంటి మీద చేస్తారు? 2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా పరిశీలనకు వేల మంది ఆడపిల్లలను తీసుకున్నారు. వారిలో మన పిల్లలు ఎందరో. ఎన్నో అంగీకార పత్రాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. టీకా మంచిదే కావచ్చు. అడగకుండా వేయడం మంచిది కాదు. పిండంలో జన్యువు మార్చడం ఇంకా ఘోరం. పుట్టబోయే బిడ్డను అడగనే లేం. ఆ మార్పు ఆ బిడ్డ పిల్లలకూ పోతుంది.

మన గూడేల్లో సికిల్ సెల్ పిల్లలను పీడిస్తోంది. దానికి 2023లో అమెరికా ఆమోదించిన ఒక జన్యు చికిత్స ధర 22 లక్షల డాలర్లు. ఉన్న జబ్బుకే మందు అందలేదు. గద్ద చూపు ఎవరి కోసం?

"అడవివాళ్లకు జంతువుల చూపు పుట్టుకతోనే ఉంటుంది" అనేవాళ్లున్నారు. అబద్ధం. తేనెటీగ పోయే దారి చూసి పట్టు కనిపెట్టడం తాత నేర్పితే వచ్చిన విద్య. అది జన్యువు కాదు, చదువు.

ఉపాధ్యాయ మిత్రులారా, పిల్లల పేరున ఏ కాగితం వచ్చినా ముందు తల్లిదండ్రులకు వారి భాషలో చదివి వినిపించండి. సంతకం వాళ్లది. మనది కాదు.