పొట్ట లేని వ్యాసాలు

మీ ఇంట్లో తొమ్మిదో, పదో చదివే పిల్లలుంటే వాళ్ళ తెలుగు నోటుపుస్తకం ఓసారి తీసి చూడండి. అందులో వ్యాసం అంటూ ఒకటి వుంటుంది. పైన 'ఉపోద్ఘాతం' అని గీత గీసిన శీర్షిక, కింద 'ముగింపు' అని మరో శీర్షిక. ఉపోద్ఘాతంలో మానవుడు సంఘజీవి. ముగింపులో మనమందరమూ కృషి చేయాలి. మరి ఈ రెంటికీ మధ్య? 'దీనివల్ల అనేక లాభములు కలవు. కొన్ని నష్టములు కూడా కలవు.' ఏ లాభం, ఎవరికి లాభం, ఎట్లా లాభం అని మాత్రం అడక్కండి. పిల్లాడికి తెలీదు. గైడు రాసినాయనకీ తెలీదు.

తలా వుంది, తోకా వుంది. పొట్ట ఏదండీ?

నేను అరకులోయలో చాలా ఏళ్ళు తెలుగు చెప్పాను. అక్కడి పిల్లలకి 'మా ఊరు' అని వ్యాసం ఇస్తే ఏం రాస్తారనుకున్నారు? ఊరి నడుమ కోనేరు, కోనేటి గట్టున రామాలయం, చుట్టూ కొబ్బరితోటలు! రాసిన పిల్లదేమో కొండవాలు మీద పాతిక గడపల పల్లె. కోనేరు మాట దేవుడెరుగు, ఎండాకాలం మంచినీళ్ళ కోసం ఊట దాకా దిగి వెళ్ళాలి. గైడులోని కోనసీమ ఊరు ఎంచక్కా ఘాట్‌రోడ్డెక్కి వచ్చి ఆ పిల్ల నోటుపుస్తకంలో కూచుంది. దస్తూరి బాగుంది గనక 10కి 8 మార్కులూ పడతాయి!

నా పోట్లాటల్లా దీని మీదే. ఆ పిల్లకి చెప్పడానికేం లేదా? కాఫీతోట సంగతి అడిగి చూడండి. కాఫీపళ్ళన్నీ ఒక్కసారే పండవంటుంది. ఒకే కొమ్మన పచ్చివీ, ఎర్రవీ కలిసి వుంటాయంటుంది. అందుకని ఎర్రవే ఏరుకుంటూ ఆ చెట్టు దగ్గరికే మూడు నాలుగుసార్లు వెళ్ళాలంటుంది. పచ్చివి కలిస్తే ధర పడిపోతుందంటుంది.

చూశారా, పేరా అంటే ఇదేనండీ! మొదటి మాటలో విషయం. రెండో మాటలో కళ్ళారా చూసిన రుజువు. మూడో మాటలో దాని ఫలితం. నాలుగో మాటలో అది ఎందుకు ముఖ్యమో కూడా చెప్పేసింది. గైడు నేర్పేది 'కాఫీ ముఖ్యమైన వాణిజ్య పంట' అని ఒక్క ముక్క. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లన్నీ రాశాయి. ఆ గుర్తింపు వెనక ఆడవాళ్ళ నడుములు ఎన్నిసార్లు వంగి లేచాయో ఆ పిల్ల పేరాలోనే దొరుకుతుంది.

ఇది నేర్పడానికి పెద్ద పాండిత్యం అక్కర్లేదు. ఒక పేరాకి ఒకటే సంగతి. ఆ సంగతి చెప్పాక రెండు ప్రశ్నలు: 'ఎట్లా తెలుసు?', 'అయితే ఏమిటి?' మొదటి ప్రశ్న రుజువుని రప్పిస్తుంది, రెండోది ఆలోచనని. ఇక పేరాకీ పేరాకీ పొత్తు కుదరాలి. థింసా ఆటలో ఆడవాళ్ళు ఒకరి వెనకనించి ఒకరు చేతులు పెనవేసుకుని వరస తెగకుండా అడుగేస్తారు కదా, అట్లాగన్నమాట. కాఫీపళ్ళ పేరా అయ్యాక నీడనిచ్చే సిల్వర్‌ఓక్ చెట్లు, వాటి మీదికి పాకించిన మిరియం తీగలు, ఒకే నేలలో రెండు రాబళ్ళు. ఇంత సరుకు చేతిలో పెట్టుకుని కోనేరు ఎందుకండీ?

'గిరిజన పిల్లలకి తెలుగే అంతంతమాత్రం, ముందు భాష రానివ్వండి' అంటారు కొందరు. కువి మాట్లాడే పిల్లకి, ఆదివాసీ ఒడియా మాట్లాడే పిల్లాడికి తెలుగు కొత్తే, కాదనను. కానీ ఆలోచన కొత్త కాదే! ముందు వాళ్ళ మాటలోనే వాదించుకోనిచ్చి, తరవాత తెలుగులో పెట్టించండి. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో 8 గిరిజన భాషల్లో చిన్నపిల్లలకి పాఠాలు మొదలుపెట్టింది ఇందుకే. అంతకు చాలాముందే, ఇప్పుడు ఒడిశాలో వున్న పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు సవరభాష నేర్చుకుని, ఆ భాషలో పుస్తకాలు రాసి, సొంత డబ్బుతో బడి పెట్టించారు. పిల్లల్ని వాడుకభాషలో రాయనివ్వండని పోరాడిందీ ఆయనే. 1912–13లో స్కూలుఫైనలు వ్యాసాన్ని వాడుకభాషలోనూ రాయవచ్చని అనుమతిస్తే పండితులు గగ్గోలు పెట్టారు, అనుమతి వెనక్కి పోయింది. చివరికి గెలిచింది వాడుకభాషే. కానీ మన బళ్ళలో భాష వ్యావహారికమైందే తప్ప విషయం మాత్రం ఇంకా గ్రాంథికంలోనే వుండిపోయింది!

'ఇది కొండమీది గొడవ, మాకెందుకు?' అంటారా? విశాఖలో మేడమీద వుండే మీ అబ్బాయి 'వర్షాకాలం' మీద రాసింది చూడండి. కప్పలు బెకబెకలాడతాయి, రైతన్న నాగలి పడతాడు. ఇంటి ముందు కాలవ పొంగి మీరు చీర కుచ్చిళ్ళెత్తి నడిచిన సంగతి ఒక్క ముక్కా వుండదు.

పట్నం పిల్లాడికి మార్కులతో సరిపోతుంది, కొండమీద అంతటితో పోదు. అటవీహక్కుల చట్టం 2006లో వచ్చింది. పోడు నేలకి పట్టా కావాలంటే 2005 డిసెంబరు 13కి ముందునించీ అది తమ స్వాధీనంలో వుందని గిరిజనుడు చూపించుకోవాలి. 'తరతరాలుగా సాగు చేసుకుంటున్నాము, దయచేసి ఇప్పించగలరు' అంటే చాలదు. తాత కట్టిన గట్టు ఏదో, చదును చేసిన చెక్క ఎక్కడుందో రాయాలి. ఊరి పెద్దల మాటనీ కాగితం మీద పెడితే ఆ చట్టం కింది నియమాల ప్రకారం అదీ సాక్ష్యమే. ఆ కాగితం రాసిపెట్టేది ఎవరు? ఆ ఊళ్ళో చదువుకున్న పిల్లే కదా! 'ఎట్లా తెలుసు?' అన్న ప్రశ్నకి జవాబు రాయడం బళ్ళో నేర్పకుండా 'మానవుడు సంఘజీవి' ఒక్కటీ నేర్పి పంపిస్తే, దాంతో ఎకరం నేలయినా నిలబెట్టుకోగలదా?

కనక అయ్యవార్లకి నా మనవి: వ్యాసానికి 10 మార్కులుంటే మధ్య పేరాలకే 6 ఇవ్వండి. గైడులోంచి దిగిన కోనేటికి సున్నా వేయండి. కొండపిల్ల ఊటనీళ్ళ గురించి తప్పులతో రాసినా దాన్ని ముందు చదవండి, తప్పులు తరవాత దిద్దొచ్చు.

తల్లులకి ఇంకో మనవి. పిల్లలు వ్యాసం చూపిస్తే దస్తూరి సంగతి తరవాత. మధ్య పేరా మీద వేలు పెట్టి 'ఎట్లా తెలుసే?' అని అడగండి. చెప్పాక 'అయితే ఏమిటీ?' అనండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి. ఆ జవాబు గైడులో దొరకదు గనక, పిల్ల ఎలాగూ ఆలోచించక తప్పదు!