ఆ హెడ్డింగే నిజమై ఉంటే..!

పొద్దున్నే గుమ్మంలో పడే పేపరు మధ్యాహ్నానికి అలమరలో అడుక్కి చేరుతుంది. మర్నాటికి మిరపకాయ బజ్జీల పొట్లమవుతుంది. అందులోని హెడ్డింగు తప్పని తేలేసరికి నూనె మరకలు తప్ప ఏమీ మిగలవు. కానీ కొన్ని హెడ్డింగులు అంత తేలిగ్గా పోలేదు. లోకం వాటి మాట విని అలాగే నడిచి ఉంటే ఏమయ్యేదో..!

1948 నవంబరు 3న ‘షికాగో డైలీ ట్రిబ్యూన్’ మొదటి పేజీలో ‘ట్రూమన్‌పై డ్యూయీ గెలుపు’ అని పతాక శీర్షిక పెట్టేసింది. ప్రెస్సులో సమ్మె, పేజీలు తొందరగా పంపాలి, ఓట్ల లెక్కింపేమో నత్తనడక. అంచనాలన్నీ డ్యూయీ వైపే ఉన్నాయి కదా అని కొట్టేశారు. తీరా గెలిచింది ట్రూమన్... 303 ఎలక్టోరల్ ఓట్లతో! ఆ పేపరును ఎత్తిపట్టుకుని ఆయన పకపకా నవ్వుతున్న ఫొటో ఆ ఎన్నికకన్నా ఎక్కువ పేరు తెచ్చుకుంది. అచ్చులో వచ్చిందే చెల్లుతుందని డ్యూయీ పట్టుబట్టి ఉంటే? వైట్‌హౌస్ హాల్లో ఒక అధ్యక్షుడు, వరండాలో ఇంకొకరు కుర్చీ వేసుకునేవారు. ఎందుకైనా మంచిదని రెండేసి దండలు పట్టుకుని కాంట్రాక్టర్లు గేటు దగ్గర క్యూ కట్టేవారు.

‘న్యూయార్క్ టైమ్స్’ది ఇంకా పెద్ద ధైర్యం. 1903 అక్టోబరు 9న ‘ఎగరని ఎగిరే యంత్రాలు’ అంటూ ఓ సంపాదకీయం రాసింది. మనిషి నిజంగా ఎగిరే యంత్రం చేయాలంటే పది లక్షల నుంచి కోటి సంవత్సరాలు పట్టవచ్చని తేల్చేసింది. సరిగ్గా 69 రోజులకు, డిసెంబరు 17న రైట్ సోదరులు ఎగిరి చూపించారు. ఆ మొదటిసారి 12 సెకన్లు, 120 అడుగులే అనుకోండి. అయినా పది లక్షల ఏళ్ల ముందు అది చిన్న విషయమా!

పాపం, రైట్ సోదరులు ఆ పేపరు చదివి నిరుత్సాహపడి సైకిళ్ల కొట్టుకే పరిమితమైపోయి ఉంటే మన ఇళ్ల పరిస్థితి ఏమిటి? శంషాబాద్‌లో విమానాశ్రయం ఉండదు. అమెరికా అల్లుడి కోసం బందరు వెళ్లి ఓడ రేవులో ఎదురుచూడాలి. కూతురు నెల తప్పిందని ఉత్తరం అందగానే అమ్మ మూటాముల్లే సర్దుకుని ఓడెక్కుతుంది. తుపాన్లు, సూయజ్ కాలువ, వాంతులు అన్నీ దాటుకుని న్యూజెర్సీ చేరేసరికి మనవడు బోర్లా పడి ‘ఎవరీవిడ?’ అన్నట్టు చూస్తుంటాడు. ఒక్క సుఖం మాత్రం ఉంది... సూట్‌కేసు 23 కిలోలు దాటిందని రాత్రికి రాత్రి కందిపొడి తీసేసి, పచ్చళ్లు కుదించి, స్ప్రింగు కాటాకు వేలాడదీసే బాధ ఉండదు. ఆవకాయ జాడీ జాడీగానే ఓడెక్కేస్తుంది. దిగేటప్పటికి సగం జాడీ కెప్టెనుగారే ఖాళీ చేసి ఉంటారనుకోండి, అది వేరే విషయం.

ఇక మనవాళ్లను నిజంగా వణికించినవి 1979 నాటి స్కైలాబ్ వార్తలు. 77 టన్నుల అమెరికా అంతరిక్ష ప్రయోగశాల పట్టుతప్పి కిందికి వస్తోంది. దాని శకలం ఎవరో ఒక మనిషికి తగిలే అవకాశం 152లో ఒకటి అని నాసా లెక్క. ఆ ‘ఎవరో ఒకరు’ అన్న మాట పల్లె చేరేసరికి ‘మనలో ఒకరు’ అయిపోయింది. మేకలు అమ్మేసి, కోళ్లు కోసేసి, ఉన్నన్నాళ్లు తిందామని కూర్చున్న ఊళ్ల కథలు తెలుగునాట ఇప్పటికీ చెప్పుకుంటారు. 2021లో ‘స్కైలాబ్’ పేరుతో సినిమా కూడా వచ్చింది. అసలు సంగతేమిటంటే, జులై 11 రాత్రి అది హిందూ మహాసముద్రంలోనూ, ఆస్ట్రేలియా పశ్చిమాన జనం పెద్దగా లేని నేల మీదా రాలింది. మర్నాడు మన పల్లెల్లో సూర్యుడు మామూలుగానే వచ్చాడు. ఆయన వెనకే అప్పులిచ్చిన షావుకారూ వచ్చి ఉంటాడు. కోళ్లు మాత్రం తిరిగి రాలేదు!

పోనీ, భయపడ్డట్టే ఓ ముక్క కరీంనగర్ పల్లెలో, అన్నదమ్ముల పొలాల మధ్య గట్టు మీద పడి ఉంటే? పట్వారీ గొలుసు పట్టుకుని పరిగెత్తుకొస్తాడు. నష్టం రాసే కాగితంలో పిడుగు ఉంది, వరద ఉంది, అగ్ని ఉంది... ఆకాశంలోంచి పడ్డ ప్రయోగశాలకు గడి లేదు. చివరికి ‘ఇతరములు’ అని రాస్తాడు. ముక్క సగం నాదంటే సగం నాదని అన్నదమ్ములు కోర్టుకెక్కుతారు. అప్పట్లో 72 గంటల్లోపు స్కైలాబ్ ముక్కను తెచ్చి ఇచ్చినవారికి 10,000 డాలర్లు ఇస్తామని ‘శాన్‌ఫ్రాన్సిస్కో ఎగ్జామినర్’ పత్రిక ప్రకటించింది. ఊరికి ఎర్రబస్సు రోజుకు రెండుసార్లే. మొదటిది తప్పిపోయింది, రెండోది టైరు పంక్చర్. ఆ బహుమతి కాస్తా ఆస్ట్రేలియాలోని ఎస్పరెన్స్ ఊరికి చెందిన 17 ఏళ్ల కుర్రాడు ఎగరేసుకుపోయాడు... ఇది మాత్రం కల్పన కాదు, నిజం. ఆ ఊరి కౌన్సిలైతే చెత్త పారేసినందుకు నాసాకు 400 డాలర్ల జరిమానా చీటీ రాసింది. నాసా కట్టలేదు. చివరికి 2009లో ఓ అమెరికన్ రేడియో వ్యాఖ్యాత శ్రోతల దగ్గర చందాలు పోగుచేసి కట్టాడు. ఊహలు ఇంతకుమించి ఏం చేయగలవు!

అబద్ధమైనందుకు ఊపిరి పీల్చుకున్న హెడ్డింగులు ఇలా ఉంటే, నిజమైతే బాగుండేదనిపించేది ఒకటుంది. 1912 ఏప్రిల్ 15 సాయంత్రం న్యూయార్క్ ‘ఈవెనింగ్ సన్’ ‘టైటానిక్ ప్రయాణికులంతా క్షేమం’ అని రాసింది. వైర్‌లెస్ సందేశాలు కలగాపులగమయ్యాయి. ఓడను హాలిఫాక్స్ రేవుకు లాక్కొస్తున్నారని కూడా వార్తలొచ్చాయి. అప్పటికే ఓడ మునిగి గంటలు గడిచాయి. 1,500 మందికి పైగా పోయారు. ఆ పేపరు చదివి ఎంతమంది ఆ రాత్రి నిశ్చింతగా భోజనం చేసి పడుకున్నారో...

ఆ హెడ్డింగే నిజమై ఉంటే? సొట్టపడ్డ ఓడ హాలిఫాక్స్ చేరేది. టిక్కెట్టు డబ్బులు వెనక్కిమ్మని మొదటి తరగతివాళ్లు గొడవ చేసేవారు. అదనపు గంటలకు కూలి ఇవ్వాలని బ్యాండువాళ్లు మేనేజరుతో తగువుపడేవారు. పెట్టె మారిపోయిందని ఒకావిడ ఏడ్చేది. మూడో తరగతిలో వచ్చిన ఇంకొకావిడ అమెరికాలో స్థిరపడి, ప్రతి పెళ్లిలోనూ ‘మా ఓడకు మంచుకొండ తగిలి రెండ్రోజులు ఆలస్యమైందిరా...’ అంటూ ఎత్తుకునేది. ‘నానమ్మ మళ్లీ మొదలెట్టింది’ అనుకుంటూ మనవలు ఒక్కొక్కరే పెరట్లోకి జారుకునేవారు.