కలిపిందేమిటో చెప్పరేం?

షేవింగ్ బ్రష్షు గురించి ఆడవాళ్ల పేజీలో ఏమిటీ గోల అనుకుంటున్నారా? నెల సరుకుల చీటీ ఒకసారి తీసి చూడండి. కందిపప్పు, చింతపండు, బట్టల సబ్బు... వాటి కిందే షేవింగ్ క్రీము, బ్లేళ్లు. చీటీ రాసేది మనమే, చాలా ఇళ్లల్లో తెచ్చేదీ మనమే. కుచ్చు సగం ఊడిపోయి నురగలో వెంట్రుకలు తేలుతున్నా "ఇంకో నెల వస్తుందిలే" అంటారే తప్ప మగవాళ్లు తమంతట తాము కొత్త బ్రష్షు తెచ్చుకోవడం అరుదు. చివరికి ఫ్యాన్సీ షాపులో నిలబడి నాలుగు తిప్పి చూసి కొనేదో, ఫోన్లో బొమ్మ చూసి తెప్పించేదో మనమే.

అలా కొనేటప్పుడు కొన్ని డబ్బాల మీద 'మిక్స్‌డ్ హెయిర్' అని ఉంటుంది. కొన్నిటి మీద 'నేచురల్ హెయిర్' అని ఉంటుంది. అంటే ఏమిటని అడిగితే "అసలైన వెంట్రుకలమ్మా, నైలాన్ కాదు" అంటాడు షాపతను. సరే, అసలైనవే. ఏ జంతువువి? ఎన్ని రకాలు కలిపారు? ఏది ఎంత? ఆ ముక్క డబ్బా చెప్పదు, షాపతనికీ తెలీదు. ఇంకా గట్టిగా అడిగితే "అన్నీ ఒకటేనమ్మా" అనేస్తాడు.

అన్నీ ఒకటి కావు. ముఖ్యంగా మూడు జంతువుల వెంట్రుకలు ఈ బ్రష్షుల్లోకి వస్తాయి. మొదటిది పంది. దాని వెంట్రుక మందం, బిరుసు. కొత్తలో ముఖాన గరుగ్గా తగులుతుంది, కాస్త వాసన కూడా వేస్తుంది. వాడేకొద్దీ కొసలు చీలి మెత్తబడుతుంది. రెండోది బ్యాడ్జర్. నేల తవ్వి బొరియల్లో ఉండే అడవి జంతువు, మన ఊళ్లల్లో దాన్ని చూసినవాళ్లుండరు. దాని వెంట్రుకలు ఎక్కువగా చైనా నుంచి వస్తాయి. కొస మెత్తన, నీళ్లు బాగా పట్టుకుంటుంది, ధర మాత్రం ఎక్కువ. మూడోది గుర్రం. జూలు నుంచీ తోక నుంచీ కత్తిరిస్తారు, అందుకు గుర్రాన్ని చంపక్కర్లేదు. మెత్తదనంలో ఆ రెండిటికీ మధ్యస్థం.

వీటిని కలపడం తప్పని నేననడం లేదు. పంది వెంట్రుక కుచ్చుకి నిలబడే బలమిస్తుంది, బ్యాడ్జర్ మెత్తదనమిస్తుంది. రెండూ కలిస్తే ధర కూడా మధ్యలో ఉంటుంది. ఇటలీలో, పోర్చుగల్‌లో పేరున్న కంపెనీలే పందినీ బ్యాడ్జర్‌నీ కలిపి బ్రష్షులు చేస్తున్నాయి. గుర్రాన్నీ బ్యాడ్జర్‌నీ కలిపేవాళ్లూ ఉన్నారు. ఏది కలిపారో చెప్పి మరీ అమ్ముతారు. కొనేవాళ్లు తెలిసే కొంటారు. అందులో మోసమేముంది?

ఫిల్టరు కాఫీ అలవాటున్న ఇళ్లల్లో చికోరి సంగతి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. కలిపితే రంగొస్తుంది, చిక్కదనం వస్తుంది, ఖర్చు తగ్గుతుంది. కానీ పొట్లం మీద కాఫీ ఎంత శాతం, చికోరి ఎంత శాతం అని అచ్చు వేసి తీరాలని చట్టం ఉంది. టెరికాటన్ చొక్కా గుడ్డ మీద కూడా 67, 33 అంటూ పాలిస్టరెంతో నూలెంతో వేస్తారు. మరి మనిషి ముఖానికి రోజూ రుద్దుకునే బ్రష్షు మీద 'మిక్స్‌డ్' అని ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకోవడమేమిటి? కలపడం తప్పు కాదు. కలిపిందేమిటో దాచడం తప్పు.

దాచడమే కాదు, ఒకదాన్ని ఇంకోటిగా చూపించడమూ ఉంది. బ్యాడ్జర్ వెంట్రుకకి నడుమ నల్లటి పట్టీ ఉంటుంది. చవక పంది వెంట్రుకకి కూడా అలాంటి చారే రంగుతో వేసి అమ్ముతుంటారు. చూడ్డానికి రెండూ అక్కాచెల్లెళ్లలా ఉంటాయి!

"వెంట్రుకే కదా, ఏదైతేనేం" అని తీసిపారేయకండి. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో, అంటే 1914-18 మధ్య, బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ సైనికులకీ మామూలు జనానికీ ముఖం మీదా మెడ మీదా నల్లటి పుండ్లు లేచాయి. అది ఆంత్రాక్స్. మన పల్లెల్లో పశువులకొచ్చే దొమ్మరోగం అదే. ఆరా తీస్తే కొత్త షేవింగ్ బ్రష్షుల దగ్గర తేలింది. యుద్ధంతో సరుకు వచ్చే దారులు మారిపోయి బ్యాడ్జర్ వెంట్రుక కరువైంది. సరిగ్గా శుద్ధి చేయని గుర్రపు వెంట్రుకలతో బ్యాడ్జర్‌లా కనబడే బ్రష్షులు చేసి అమ్మారు. ఆ రెండు దేశాల్లో కలిపి 200 మందికి పైగా జబ్బుపడ్డారు, కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. చివరికి 1920లో బ్రిటన్ జపాన్ బ్రష్షుల దిగుమతినే నిషేధించింది. ఇప్పుడు వెంట్రుకలు శుద్ధి చేసే పద్ధతులు మెరుగయ్యాయి కాబట్టి భయపడక్కర్లేదు. కానీ దేని వెంట్రుకో, ఎక్కడి నుంచి వచ్చిందో అడగడం చాదస్తం కాదని ఆ కథ చెబుతోంది కదా!

మనకింకో కారణం కూడా ఉంది. మంచాన పడిన తండ్రికో, చేయి వణికే మామగారికో గడ్డం గీసే పని ఎవరి మీద పడుతోంది? ఇంట్లో కూతురి మీదో కోడలి మీదో. వయసు మళ్లినవాళ్ల చర్మం ఉల్లిపొరలా పలచగా ఉంటుంది. పంది వెంట్రుక ఎక్కువగా కలిపిన కొత్త బ్రష్షు బిరుసుగా రుద్దితే ఎర్రగా కమిలిపోతుంది. ఆయన నోరు తెరిచి చెప్పలేకపోవచ్చు కూడా. అక్కడ డబ్బా మీది ఆ ఒక్క మాట లేకపోతే నష్టపోయేది ఆ పెద్దాయన. "సరిగ్గా చేయడం రాదు" అనిపించుకునేది ఆ కోడలు. మొటిమల వయసులో ఉన్న కుర్రాడికీ ఇదే జాగ్రత్త. గడ్డం దట్టంగా, గరుగ్గా పెరిగే మనిషికైతే పంది పాలు ఎక్కువున్న మిశ్రమమే హాయి. అంటే ఎవరి ముఖానికి కొంటున్నామో చూసుకుని కొనాలి. చూసుకోవాలంటే ముందు తెలియాలి.

నమ్మకాల సంగతి చెప్పనే అక్కర్లేదు. పంది పేరెత్తితే ముట్టుకోని ముస్లిం ఇళ్లున్నాయి. జంతువు నుంచి వచ్చిన వస్తువేదీ వద్దనుకునే శాకాహారులున్నారు. తినే సరుకు మీద ఆకుపచ్చ చుక్క వెతుక్కునే మనిషికి తన ముఖానికి రాసుకునేదేమిటో తెలుసుకునే హక్కు లేదా? 1986 నాటి వినియోగదారుల చట్టంలోనూ, దాని స్థానంలో వచ్చిన 2019 చట్టంలోనూ వస్తువు నాణ్యత, స్వచ్ఛత గురించి తెలుసుకోవడం కొనేవారి హక్కని రాసే ఉంది. హక్కు కాగితం మీదుంటే చాలదు, డబ్బా మీదికి రావాలి.

జీవహింస మాట కూడా అనుకోవాలి. చైనాలో బ్యాడ్జర్లను ఎంత క్రూరంగా పెంచి చంపుతున్నారో 2018లో జంతు సంరక్షణ సంస్థ ఒకటి బయటపెట్టాక కొన్ని విదేశీ కంపెనీలు ఆ బ్రష్షులమ్మడం మానేశాయి. మన దేశంలో ముంగిసది ఇలాంటి కథే. దాని వెంట్రుకలు ఎక్కువగా బొమ్మలు వేసే కుంచెల్లోకీ, కొన్నిసార్లు షేవింగ్ బ్రష్షుల్లోకీ వెళ్తాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ముంగిసను చంపినా, దాని వెంట్రుకలు అమ్మినా జైలుశిక్ష పడుతుంది. కిలో వెంట్రుకలకి సుమారు 50 ముంగిసలు బలవుతాయని చెబుతారు. పాము నుంచి పసిబిడ్డను కాపాడిన ముంగిస కథ పిల్లలకి చెబుతూ, ఆ ముంగిస వెంట్రుకల కుంచె అదే పిల్లల చేతికిస్తామా? 'మిక్స్‌డ్' అన్న మాట చాటున ఏమైనా దాక్కోవచ్చు. అందుకే ఆ మాట నాకు నచ్చదు.

మరి షాపులో ఏం చేయాలంటారా? ముందు అడగండి. "ఏ వెంట్రుకలు బాబూ, ఏది ఎంత కలిపారు?" అని మొహమాటం లేకుండా అడగండి. తెలీదంటే తెలిసిన బ్రష్షు చూపించమనండి. కుచ్చుని అరచేతిలో గుండ్రంగా తిప్పి చూడండి. గుచ్చుకుంటే బిరుసు పాలు ఎక్కువన్నమాట. ఇంటికి తెచ్చాక గోరువెచ్చని నీళ్లలో సబ్బుతో రెండుసార్లు కడిగి తెల్లగుడ్డ మీద అద్దండి. చార రంగుతో వేసిందైతే కొంత దిగవచ్చు. పట్టుచీర కొనేటప్పుడు పోగు కాల్చి చూడడం మనకి తెలిసిన విద్యే. ఊడిన వెంట్రుకను అలాగే కాల్చండి. జుట్టు కాలిన వాసన వచ్చి బూడిద నలిగిపోతే జంతువుది. కరిగి పూసలా గట్టిపడితే నైలాన్. ఏ జంతువుదో మాత్రం ఈ పరీక్ష చెప్పదు. అది చెప్పాల్సింది చేసినవాడే.

పంది వెంట్రుక కలిసిన బ్రష్షుని వాడే ముందు రెండు మూడు నిమిషాలు నీళ్లలో నాననివ్వాలి. మొదట్లో నాలుగు వెంట్రుకలు ఊడడం మామూలే. వారాల తరబడి ఊడుతుంటే జిగురు సరిగ్గా లేదని అర్థం. మరిగే నీళ్లలో వేయకండి, ఆ ఉన్న జిగురూ వదులుతుంది. వాడాక బాగా కడిగి, విదిలించి, గాలి తగిలేచోట ఆరనివ్వాలి. తండ్రి బ్రష్షు తండ్రిదే, కొడుకు బ్రష్షు కొడుకుదే. తామరలాంటివి ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటాయి.

జంతువు వెంట్రుకే వద్దనుకుంటే నైలాన్ రకాలున్నాయి. ఒకప్పటిలా చీపురుపుల్లల్లా ఉండడం లేదు, సన్నటి మెత్తటి పోగులతో బాగానే వస్తున్నాయి. అవి కొనమని నేను ఒత్తిడి చేయను. కలిపినవి కొనొద్దనీ అనను. ఎవరి ఇష్టం వాళ్లది, ఎవరి ముఖం వాళ్లది.

నేనడిగేది ఒక్కటే. ఏ జంతువు వెంట్రుక, ఎంత పాలు, ఏ దేశం నుంచి వచ్చింది అనే మూడు సంగతులు డబ్బా మీద తెలుగులోనో ఇంగ్లీషులోనో కళ్లకి కనబడే అక్షరాల్లో వేయాలి. వేయించేలా ప్రభుత్వం చూడాలి. అంతవరకు ఆ మూడు ప్రశ్నలూ ప్రతి షాపులో మనం అడుగుతూనే ఉండాలి. పదిమంది అడిగితే షాపతను సరుకిచ్చేవాణ్ణి అడుగుతాడు, అతను కంపెనీని అడుగుతాడు. కంది బేడల్లో రాళ్లున్నాయని అడిగి అడిగి శుభ్రమైన పప్పు తెప్పించుకున్నవాళ్లం, బ్రష్షు దగ్గర నోరు నొక్కుకోవడమెందుకు?